నాకెక్కని మత్తు

గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆసుపత్రిలో నలుగురు డాక్టర్లు, ఆరుగురు నర్సులు కలిసి ఏనుగుకు సరిపడా మత్తు ఎక్కించినా నేను కన్ను మూయలేదని మా ప్రగతి నగర్ చెరువు గట్టు బెంచీ మీద ఇప్పటికీ ఒకరిద్దరు నమ్ముతారు. ఆ కథ పుట్టించింది నేనే. డాక్టర్లు ఇద్దరే. నర్సు ఒక్కతే, ఆమె కూడా నన్ను ఒంటిచేత్తోనే పట్టుకుంది. మత్తు కూడా ఏనుగుది కాదు. నా వయసు మనిషికి ఇవ్వదగినంత ఇచ్చి, ఇక పెంచితే ప్రమాదమని ఆపేశారు. కన్ను మూయలేదన్నది మాత్రం నిజం. ఎందుకు మూయలేదో బెంచీ మీద చెప్పలేకపోయాను. రాయడం కొంచెం సులువు, ఎదురుగా ఎవరూ కూర్చుని నా మొహం చూడరు.

నేను సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ముప్పై రెండేళ్ల సర్వీసని అందరికీ చెప్తాను, ఇరవై తొమ్మిదే. పుట్టింది కొండాపూర్‌లో, అది ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో. ఇప్పుడు ప్రగతి నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాం. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసు బస్సెక్కి వెళ్లిపోతే ఇంట్లో నేనూ, మా ఆవిడా. సాయంత్రం ఐదింటికి నేను నడకకు బయల్దేరేవాణ్ని. చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు. ఎనిమిదింటికి ఇల్లు చేరి, రెండు రొట్టెలు తిని పడుకుంటే తెల్లవారేదాకా కదిలేవాణ్ని కాదు. డెబ్భై దాటాక ఈ నడకేమిటి, ఈ నిద్రేమిటి అని పొద్దునపూట బెంచీ మీద కలిసే మిత్రులు కుళ్లుకునేవారు. నిద్రమాత్ర మింగి ఎరగని ఒళ్లని వాళ్ల దగ్గర ఛాతీ విరుచుకునేవాణ్ని. ఆ నాలుగు రౌండ్ల సంగతి కాసేపట్లో చెప్తాను. అప్పటిదాకా నన్ను నమ్మండి, మా ఆవిడ ఆరేళ్లు నమ్మింది.

వానాకాలంలో కడుపులో మంట మొదలైంది. తర్వాత మలం తారులా నల్లగా రావడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. మా అన్న కడుపులో గడ్డతోనే పోయాడు, ఆయనకీ ముందు ఇలాగే మొదలైంది. చెబితే అది నిజమైపోతుందని భయం. ప్యాంటు వదులైతే మేకుతో బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాను. మూడో చిల్లు దగ్గర మా ఆవిడ పట్టుకుంది.

"ఏమయ్యా, బెల్టుకు బొక్కలు కొట్టుకుంట కూసున్నవ్? దవాఖానకు పోదాం నడువ్."

కడుపు డాక్టరు రెండు ప్రశ్నలడిగి, పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి, రెండువైపులా గొట్టం వేసి చూడాలన్నాడు. మత్తిచ్చి చేస్తామన్నాడు. ముందురోజు తిండి మానేసి, పొడి కలిపిన ఉప్పటి నీళ్లు రెండు లీటర్లు తాగాలి. అది తాగాక జరిగేదంతా మీకు వర్ణించను. ఆ రోజు మంచానికీ బాత్రూముకీ మధ్య నేను నడిచిన దూరం చెరువు చుట్టూ ఆరేళ్లలో నడిచినదానికంటే ఎక్కువని మాత్రం గమనించండి.

ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ వచ్చి నా మంచం పక్కన నిలబడింది. మా కోడలి వయసు ఉంటుంది. మాటను బట్టి గోదావరి వైపు అమ్మాయని తెలిసిపోయింది. వాళ్ల ఆసుపత్రిలో రెండు రకాల మత్తు జంటలను పోల్చి చూస్తున్నామని, ఒప్పుకుంటే నన్నూ అందులో చేర్చుకుంటామని చెప్పింది. జంట ఏమిటని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. నిద్రకు ఒక మందు, నొప్పికి ఒక మందు. నిద్ర మందొక్కటే ఇస్తే మనిషి మగతలో ఉన్నా గొట్టం మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్లు ముడుచుకుంటుంది. నొప్పి మందొక్కటే ఇస్తే నొప్పి తెలియదు గాని మెలకువగా భయపడుతూనే ఉంటాడు. రెండూ కలిపితే ఒక్కోటి తక్కువ తక్కువ సరిపోతుంది. కాకపోతే రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి, అందుకే పక్కనే నిలబడి ఊపిరిని కాపలా కాయడం ఆమె పని. నొప్పికి ఫెంటనిల్ అందరికీ ఒకటే. నిద్రకు మాత్రం కొందరికి మిడజోలం, కొందరికి ప్రొపోఫాల్. ఎవరికి ఏది వస్తుందో మూసిన కవరులో ఉంటుంది. మా వయసువాళ్లకు ఏ జంట ఎంత ఇస్తే హాయిగా, భద్రంగా పని జరుగుతుందో ఆ లెక్క తేలుస్తుంది.

డ్రైవరు, కండక్టరు లాగా అన్నమాట అన్నాను. ఆమె నవ్వింది. సంతకం పెట్టేశాను. ఆసుపత్రి నన్ను పరిశోధనకు ఎంపిక చేసిందని బెంచీ మీద ఎలా చెప్పాలో అప్పుడే కూర్చుకోవడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్లందరినీ అడుగుతున్నారని తర్వాత తెలిసింది.

అప్పుడు ప్రశ్నలు. గుండె జబ్బు ఉందా, ఆయాసం ఉందా, గురక పెడతారా. గురక లేదన్నాను. మా ఆవిడ పక్కనుంచి, పై అంతస్తువాళ్లను అడగమని సలహా ఇచ్చింది. డాక్టరమ్మ రాసుకుంది. ఆల్కహాల్ అలవాటుందా? లేదన్నాను. నిద్రమాత్రలు? జన్మలో లేదన్నాను. ఈ రెండు జవాబులూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పినవే. విస్కీ, బ్రాందీ, బీరు నేను ముట్టను. మాత్రలు మింగను. నాకు తెలిసినంతలో అబద్ధం ఆడలేదు.

కవరు విప్పితే మిడజోలం జంట వచ్చింది. చేతి నరంలోకి ఎక్కించారు. ఇంకాసేపట్లో తేలిపోతారని అందరూ అన్నారు. నేను పైకప్పు పలకలు లెక్కపెడుతున్నాను. ఇంకొంచెం ఎక్కించారు. పలకలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. నోట్లోకి గొట్టం దిగగానే దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాను. నర్సు నా చేయి పట్టుకుంది. ఇంకొంచెం ఇచ్చినా నా కళ్లు పత్తికాయల్లా విచ్చుకునే ఉన్నాయి. డాక్టరమ్మ ఊపిరి లెక్క చూపే యంత్రం వంక చూసి, ఇక వద్దండీ, ఆపేద్దాం అంది. కడుపులోకి చూడకుండానే నన్ను బయటికి తోసుకొచ్చారు.

నాకు రెండు రకాల భయం పట్టుకుంది. గడ్డ ఉందో లేదో తెలియలేదు. ఆ ఉప్పు నీళ్లు మళ్లీ తాగాలి. ఏది పెద్ద భయమో నిజాయితీగా చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

మా ఆవిడ చాయ్ తేవడానికి క్యాంటీనుకు వెళ్లింది. ఆమె వెళ్లేదాకా కాచుకుని ఉందేమో, డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. మళ్లీ ఆల్కహాల్ గురించి అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆమె అది అడగలేదు.

"బాబాయ్ గారూ, సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటారండీ?"

బస్సులో ఏడేళ్ల పిల్లాణ్ని ఒళ్లో కుదించి కూర్చోబెట్టుకుని, వీడికి నాలుగేళ్లే, టికెట్ లేదు అనే తల్లులు ఉండేవారు. నేను తల్లితో వాదించేవాణ్ని కాదు. పిల్లాడి వైపు వంగి, ఏ క్లాసురా నువ్వు అనేవాణ్ని. వాడు గర్వంగా రెండో క్లాసనేవాడు. ఇరవై తొమ్మిదేళ్లు నేను జనం మీద వాడిన ఆ ఉపాయమే, ఎక్కడో గోదావరి ఒడ్డున పుట్టిన ఈ పిల్ల నా మీద వాడింది. నేనూ ఆ పిల్లాడిలాగే చెప్పేశాను.

కల్లు కాంపౌండులో, అన్నాను.

మా ఇంటినుంచి ఆటోలో పావుగంట దూరం. ఆరేళ్లుగా, రోజూ. శనగ గుడాలు ఉడకబెట్టి పెడతారు, నా ఈడువాళ్లు పదిమంది ఉంటారు, మాట బాగా సాగుతుంది. ఒక సీసా అన్నాను. ఆమె కలం తీయలేదు, నా మొహం చూస్తూ ఉంది. రెండు అన్నాను. పండుగరోజు మూడు. చెరువు చుట్టూ నాలుగు రౌండ్లన్నది ఇదే. వచ్చేటప్పుడు మిర్చి బజ్జీల బండి దగ్గర పచ్చి ఉల్లిపాయలు నమిలి, పైన పాన్ వేసుకుంటే ఇంట్లో ఉల్లిపాయ గురించి తిట్లే గాని మరో మాట వచ్చేది కాదు.

మరి అడిగినప్పుడు చెప్పలేదేమండీ అంది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. మా వైపు కల్లును ఎవరూ తాగుడులో వేయరు. పెళ్లిలో పోస్తారు, చావులో పోస్తారు, బోనాల నాడు అమ్మవారికి సాక పోస్తారు. పసిపిల్లలకు విరేచనాలైతే చెంచాడు పట్టేవాళ్లు మా ఇళ్లలో ఉండేవారు. ఆల్కహాల్ అంటే మాకు సీలు వేసిన సీసా, దుకాణం, జాలీ కిటికీ. పైగా మాది స్వచ్ఛమైన చెట్టు కల్లు, రోజూ పొద్దున దించి తెస్తారు అన్నాను.

"మీ ఇంటినుంచి అక్కడికి దారిలో తాటిచెట్లు ఎన్ని ఉంటాయండీ?"

లెక్కపెట్టబోయాను. ఒకటి ఉండేది, ఫ్లైఓవరు కట్టినప్పుడు కొట్టేశారు. కొండాపూర్‌లో పుట్టి, తాటివనాలు పోయి అద్దాల మేడలు లేవడం కళ్లారా చూసినవాణ్ని. రోజూ అంతమందికి సీసాలు నింపే చెట్లు ఎక్కడున్నాయని ఆరేళ్లలో ఒక్క సాయంత్రం కూడా నన్ను నేను అడగలేదు. మొదటి సీసాకే మనసు అంత నెమ్మదించడం, రాత్రి రాయిలా నిద్రపట్టడం కల్లు గొప్పతనమే అనుకున్నాను.

ఆమె చెప్పింది. అలాంటి చోట్ల చాలాసార్లు కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారు. నాకు ఇచ్చిన మిడజోలం కూడా ఆ కుటుంబం మందే. ఆరేళ్లు రోజూ తాగి తాగి నా ఒళ్లు దానికి రాటుదేలిపోయింది, ఇక ఆమె ఇచ్చింది ఎక్కడ ఎక్కుతుంది? పైగా గొట్టం పరీక్ష కోసం రెండు రోజులుగా కాంపౌండుకు పోలేదు కనక చెమటలు, వణుకు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా వస్తాయట. నిద్రమాత్ర ఎరగని ఒళ్లని చెప్పుకున్నవాణ్ని, రోజూ ఎన్ని మాత్రల పొడి తాగానో ఆ సీసా నింపినవాడికే తెలుసు.

అంతా విన్నాక ఆమె ఇంకో మాట చెప్పింది. అది నాకు గుచ్చుకుంది.

"మీరు చెప్పకపోయుంటే నా కాగితంలో ఏం పడేదండీ? తాగుడు లేని, మాత్రలు లేని డెబ్భై ఏళ్లాయనకు ఈ మోతాదు చాల్లేదని పడేది. అది చదివినవాళ్లు ఇంకో పెద్దాయనకు పెంచి ఇస్తారు. ఆయన కల్లు తాగేవాడు కాకపోతే ఊపిరి ఆగిపోవచ్చు."

నేను చెప్పే గొప్పలవల్ల ఇంతవరకు ఎవరికీ నష్టం జరగలేదని నా ధీమా. ఏనుగు మోతాదంటే నలుగురు నవ్వుతారు, ఇంటికి పోతారు. నా అబద్ధం లెక్కలో చేరి, నేనెప్పుడూ చూడని ఒక ముసలాయన మంచం దాకా నడిచి వెళ్తుందని ఆ రోజు మొదటిసారి తెలిసింది. నన్ను ఆ పోలికలోంచి తీసేయక తప్పదని చెప్పింది. సరేనన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా, ఎంపికైన పెద్దమనిషిని కదా.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టారు. నలుపు ఆగలేదు కనక ఎక్కువ రోజులు ఆగడానికి లేదన్నారు. ఈలోగా వణుకు రాకుండా ఇంకో డాక్టరు మాత్రలు కొలిచి రాశాడు, వారాల మీద మెల్లగా తగ్గించాలన్నాడు. మా ఆవిడకు ఏం చెప్పాలో డాక్టరమ్మ నాకే వదిలేసింది. తాను ముందుగా చెప్పననీ, ఇంట్లో ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఆమెకు తెలియాలి కాబట్టి ఇవాళే చెప్పాలనీ అంది.

ఆటోలో చెప్పాను. రొదలో సగం వినపడదని ఆశ. మా ఆవిడ సగం వినేసరికే ఆటో డ్రైవరు బండి నెమ్మదించాడు, మిగతా సగం ఇద్దరూ శుభ్రంగా విన్నారు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆమె అంది:

"కల్లు తాగినవని కాదయ్యా. మా నాయిన తాగలేదా, మా అవ్వ తాగలేదా? నడిచి నడిచి వస్తున్నడని రోజూ నీ కాళ్లకు నూనె రాసిన సూడు, గందుకు మండుతుంది నాకు."

ఆరేళ్లు ఆ నూనె రాయించుకున్నాను. ఇంకొంచెం పైన, మోకాలి దగ్గర నొప్పిగా ఉందని కూడా చెప్పేవాణ్ని. ఆ నాలుగు రోజులూ మాటలు లేవు, మాత్ర మాత్రం గడియారం చూసి చేతిలో పెట్టేది. పొడి కలిపిన ఉప్పు నీళ్లు రెండోసారి తాగుతున్నప్పుడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె మొహంలో కనిపించింది జాలి అయితే కాదు.

రెండోసారి మంచం మీద పడుకోగానే డాక్టరమ్మ వచ్చింది. ఈసారి కవరు లేదు, ప్రొపోఫాల్ జంట అని ఆమే నిర్ణయించింది. నేను చెప్పాల్సింది ఇంకేమైనా మిగిలిందా అని అడిగింది. చెబుదామా వద్దా అని గింజుకున్నాను. ఏడు డిపోల్లో నా ధైర్యం గురించి చెప్పుకునేవారు, అంటే నేనే చెప్పుకునేవాణ్ని.

"భయమైతుంది బిడ్డా. మా అన్న గిట్లనే పోయిండు."

ఆమె నవ్వలేదు. "అది కూడా చెప్పాల్సిందేనండీ. భయాన్ని కూడా చూసుకునే మందివ్వాలి" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పాలలాంటి తెల్లటి మందు చేతిలోకి చురచురమంటూ దిగింది. యాభై దాకా లెక్కపెట్టానని బెంచీ మీద చెప్పాను. మూడు దాకా వచ్చానని ఆమె అంది. నా మర్యాద కోసం ఒకటి ఎక్కువే చెప్పి ఉంటుంది.

కళ్లు తెరిచేసరికి మా ఆవిడ ఉంది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట ఆమే మాట్లాడింది, గడ్డ లేదంట, పుండంట, అని. ఏదో సూక్ష్మక్రిమి వల్ల పొట్టలో పుండు పడి రక్తం కారుతోందట. రెండు వారాల మాత్రలతో ఆ క్రిమి పోతుందట. ముక్క తీసి పంపిన పరీక్ష కూడా తర్వాత శుభ్రంగా వచ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మత్తు ఇంకా దిగలేదని మా ఆవిడ నర్సుతో చెప్తుంటే వినపడింది. మత్తు దిగిపోయింది. మొహం చూపించలేక తిరిగాను.

తర్వాతి వారాలు సుఖంగా గడవలేదు, వాటి గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. మాత్రలు పావు పావు తగ్గాయి. ఇప్పుడు నిజంగానే చెరువు చుట్టూ తిరుగుతున్నాను, ఒకటిన్నర రౌండు. మా ఆవిడ కూడా వస్తుంది, కాపలాకి. కాళ్లకు నూనె బందైంది.

ఆ మధ్య చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ నన్ను ఒక సాయం అడిగింది. వాళ్లు నింపించే ఫారంలో కల్లు గురించి ఒక ప్రశ్న చేర్చుతున్నారట, ఎలా అడిగితే మా వాళ్లు నిజం చెప్తారో చెప్పమంది. ఆసుపత్రి ఫారమంతా నేనే తిరగరాశానని బెంచీ మీద చెప్పాను. నేను చెప్పింది ఒక్క వాక్యం. తాగుతారా అని అడగొద్దు, రోజుకు ఎన్ని సీసాలు అని అడగండి, లేనివాడు లేదంటాడు అన్నాను. అలాగే అచ్చు వేశారు.

పోయిన నెల మళ్లీ వెళ్లాను. వరండాలో పక్క కుర్చీలో చేవెళ్ల వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన, ముందురోజు ఉప్పు నీళ్లు తాగిన మొహంతో కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు మరిచి వచ్చాడట, ఫారం చదివి నింపమని నా చేతికిచ్చాడు. పేరు, వయసు, బీపీ, షుగర్ రాశాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చి చదివి వినిపించాను. ఆయన కౌంటరు దగ్గర నిలబడ్డ కొడుకు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను పెన్ను ఆ ఖాళీ మీద పెట్టాను.

"మూడు," అన్నాడు మెల్లగా. "రాయి."

మూడు అని రాశాను. కాగితం కొడుకు కంటపడకుండా మడిచి, ఆయన చేతికివ్వకుండా, నేనే లేచి లోపలికి తీసుకెళ్లి డాక్టరమ్మ చేతిలో పెట్టాను.